పదకొండున్నర గంటల డ్యూటీ, 20 నిమిషాల లంచ్: చట్టం ప్రకారం మీకు రావాల్సిన విరామం ఎంత?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని బట్టల షోరూమ్‌లో మూడేళ్లుగా సేల్స్‌లో ఉన్నారు. ఉదయం 10 నుంచి రాత్రి 9:30 దాకా డ్యూటీ, నెలకు 12,000 జీతం. మధ్యాహ్నం వంతులవారీగా 20 నిమిషాలు లంచ్, అదీ కస్టమర్లు వస్తే మధ్యలో పిలుస్తారు. కూర్చోవడానికి స్టూల్ కూడా లేదు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఫ్లోర్ ఇన్‌ఛార్జిని అడగాలి, 10 నిమిషాలు దాటితే జీతంలో 50 రూపాయలు కోత. గట్టిగా అడిగితే "లంచ్ టైమ్ డ్యూటీ కిందకు రాదు, ఏదో మేమే ఇస్తున్నాం" అన్నారట. దీనికి నిజంగా చట్టం ఉందా, అడిగితే ఉద్యోగం పోతుందా అన్నది మీ ప్రశ్న.

చట్టం ఉందమ్మా. మీ షాపుకి వర్తించేది షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం, 1988. ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. దాని ప్రకారం షాపులో ఏ ఉద్యోగి చేతా 5 గంటలకు మించి ఆపకుండా పని చేయించకూడదు, ఆలోపు కనీసం గంట విరామం ఇవ్వాలి. అరగంట కాదు, 20 నిమిషాలు కాదు, గంట. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు పని. విరామంతో కలిపి షాపులోకి అడుగుపెట్టినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా 12 గంటలు దాటకూడదు. బాత్రూమ్‌కి వెళ్లినందుకు 50 రూపాయలు కోయడం చెల్లదు. కూర్చునే ఏర్పాటు లేకపోవడం కూడా తప్పే. ఉద్యోగం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, కింద రాశాను.

నేను మొదట తొమ్మిదేళ్లు ఒక నూలు మిల్లు టైమ్ ఆఫీసులో, అంటే కార్మికుల హాజరు, పని గంటలు కార్డుల్లో రాసేచోట, పనిచేశాను. తర్వాత లా చదివి 17 ఏళ్లుగా కార్మికుల కేసులే చూస్తున్నాను. విరామం గురించి నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "మాకు లంచ్ ఇస్తున్నారు కదా, ఇంకేం అడగగలం" అనుకునే వస్తారు. అందుకే ముందు విరామం అంటే ఏమిటో చెప్తాను.

విరామం అంటే పని నుంచి విడుదల. ఆ గంటలో మీరు ఎవరికీ జవాబుదారీ కాదు. బయటికి వెళ్లొచ్చు, ఫోన్ మాట్లాడుకోవచ్చు, ఓ మూల కళ్లు మూసుకుని కూర్చోవచ్చు. "తింటూ ఉండు, కస్టమర్ వస్తే లేచి రా" అన్నారంటే అది విరామం కాదు, తింటూ చేసిన పని. టిఫిన్ డబ్బా మూత తీశాక రెండు ముద్దలకే పిలుపు వచ్చి, చేయి కడుక్కుని వెళ్లి చీరలు మడత విప్పి చూపించి, అరగంట తర్వాత వచ్చి చల్లారిన అన్నం తింటే, ఆ సమయమంతా మీరు యజమాని అధీనంలోనే ఉన్నట్టు. లేబర్ ఆఫీసులోనూ కోర్టులోనూ నేను వాదించేది ఈ ఒక్క మాట చుట్టూనే: ఆ సమయంలో ఈ మనిషిని పిలిచే అధికారం ఎవరికైనా ఉందా, లేదా?

మిల్లులో నేను చూసింది చెప్తాను. రింగ్ ఫ్రేముల మీద, అంటే నూలు వడికే మిషన్ల మీద, పనిచేసే ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులో అరగంట విరామం అని కార్డులో ఉండేది. మిషన్ ఆపరు కాబట్టి ఒకరు తినడానికి వెళ్తే వాళ్ల ఫ్రేములు చూసుకోవడానికి ఇంకొకరు ఉండాలి. పగటి షిఫ్టులో అలా రిలీవర్ ఉండేవాడు. రాత్రి షిఫ్టులో ఖర్చు మిగులుతుందని తీసేశారు. ఒక రాత్రి నేను లోపలికి వెళ్లేసరికి ఒకావిడ ఎడమచేత్తో స్టీలు గిన్నె పట్టుకుని, తెగిన దారాలు కుడిచేత్తో అతుకుతూ, మధ్యమధ్యలో అదే చేత్తో పెరుగన్నం తింటోంది. గిన్నెలో అన్నం మీద దూది నుసి పలచగా పేరుకుని ఉంది. దాన్ని వేలితో పక్కకి తోసి కింది అన్నం తీసుకుంటోంది. నేను ఆఫీసుకి వచ్చి ఆవిడ కార్డు మీద "విరామం 30 ని." అని రాశాను, అది నా పని కాబట్టి. ఆ రోజు నుంచి ఆ గడి నింపిన ప్రతిసారీ నాకు ఆ గిన్నె గుర్తొచ్చేది. మిల్లు మానేసి లా చదవడానికి వెనక ఉన్న కారణాల్లో అదొకటి.

ఫ్యాక్టరీల చట్టం, 1948లో విరామానిది 55వ సెక్షన్: ఆపకుండా 5 గంటల పని దాటకముందే కనీసం అరగంట ఇవ్వాలని ఉండేది. లంచ్ రూమ్ ఉన్న ఫ్యాక్టరీలో పని జరిగేచోట తిననివ్వకూడదని 47వ సెక్షన్‌లో ఉండేది. ఆ నుసి ఊపిరితిత్తుల్లోకీ కడుపులోకీ పోకూడదనే కదా అలా రాశారు! ఆ అరగంట కూడా ఊరికే రాలేదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో సభ పెట్టి కోరిన వాటిలో వారానికో సెలవుతోపాటు మధ్యాహ్నం అరగంట విశ్రాంతి కూడా ఉంది. 1891 ఫ్యాక్టరీ చట్టంలో అది చేరింది. "మేమే ఇస్తున్నాం" అని మీ ఇన్‌ఛార్జి అన్నది చదవగానే నాకు ఈ సంగతి గుర్తొచ్చింది. దాన్ని ఇచ్చింది మీ షాపు వాళ్లు కాదు.

ఇప్పుడు మీ గంటల లెక్క చూద్దాం. మీరు అడగకపోయినా ఇది చెప్పాలి, ఎందుకంటే విరామం కంటే పెద్ద అన్యాయం ఇందులో ఉంది. ఉదయం 10 నుంచి రాత్రి 9:30 అంటే పదకొండున్నర గంటలు. నిజంగానే గంట విరామం ఇచ్చారనుకున్నా పదిన్నర గంటలు పని. చట్టం చెప్పింది 8. అంటే రోజూ రెండున్నర గంటలు ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్‌కి మామూలు కూలికి రెట్టింపు ఇవ్వాలి. 12,000 జీతాన్ని 26 రోజులకు, రోజుకి 8 గంటలకు భాగిస్తే గంటకు 57 రూపాయల 69 పైసలు వస్తుంది. దానికి రెట్టింపు 115 రూపాయల 38 పైసలు. నెలకు 65 గంటల ఓవర్‌టైమ్‌కి 7,500 రూపాయలు. గంట విరామం ఇచ్చారని ఒప్పుకుని వేసిన లెక్క ఇది. మీకు దొరుకుతున్నది 20 నిమిషాలే కాబట్టి అసలు మొత్తం ఇంకా ఎక్కువే. పైగా ఓవర్‌టైమ్ డబ్బులిస్తే చాలు, ఎన్ని గంటలైనా చేయించుకోవచ్చని కాదు. దానికీ చట్టంలో పరిమితి ఉంది.

"లంచ్ టైమ్ డ్యూటీ కిందకు రాదు" అన్న మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్నే వాళ్లు వాడుకుంటున్నారు. నిజమైన విరామం 8 గంటల పనిలోకి లెక్కకు రాదు. అంటే 8 గంటల పని, గంట విరామం కలిపి 9 గంటలు షాపులో ఉండమనొచ్చు. కానీ నెల జీతం ఇస్తూ, లంచ్‌కి వెళ్లారని అందులోంచి మళ్లీ కోయడానికి వీల్లేదు. మధ్యలో పిలిచి పని చేయించుకున్న సమయాన్ని విరామమని చూపించడానికి అసలే వీల్లేదు.

బాత్రూమ్ కోత గురించి. ఇది చదివినప్పుడు నిజంగా కోపం వచ్చింది. జీతంలోంచి ఏ కారణాలకు కోత పెట్టొచ్చో 2019 వేతనాల కోడ్‌లో లెక్కపెట్టి రాశారు. ఆ జాబితాలో లేని కోత ఏదైనా చట్టవిరుద్ధమే. జరిమానా వేయాలన్నా దానికో పద్ధతి ఉంది. ఏ తప్పుకి జరిమానా వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదం తీసుకుని నోటీసు బోర్డులో పెట్టాలి. వేసేముందు ఉద్యోగిని సంజాయిషీ అడగాలి. మొత్తం జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. వసూలైన డబ్బు రిజిస్టర్‌లో రాసి ఉద్యోగుల మేలుకే ఖర్చుపెట్టాలి. పాత వేతన చెల్లింపు చట్టం, 1936లోనూ ఇదే ఉండేది. బాత్రూమ్‌కి వెళ్లడం తప్పు అని ఏ అధికారీ ఆమోదం ఇవ్వడు. మీ పే స్లిప్‌లో ఆ 50 రూపాయలు ఏ పేరుతో రాస్తున్నారో చూడండి. "లేట్", "డిసిప్లిన్", "అదర్స్" ఇలా ఏదో ఒకటి ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

డబ్బు సంగతి పక్కన పెడితే, ఈ పద్ధతి వల్ల ఆడవాళ్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. నా దగ్గరికి వచ్చిన సేల్స్ అమ్మాయిల్లో మూత్రనాళ ఇన్ఫెక్షన్లు మళ్లీమళ్లీ వచ్చినవాళ్లు, పిక్కల్లో నరాలు ఉబ్బి నీలంగా తేలినవాళ్లు చాలామంది. ఒకమ్మాయి తన ప్రిస్క్రిప్షన్లన్నీ రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది, ఏడాదిన్నరలో ఆరు. డాక్టరు రాసిన ప్రతి చీటీలోనూ "నీళ్లు ఎక్కువ తాగాలి" అని ఉంది. మీకు అలాంటి ఇబ్బంది ఏదైనా ఉంటే దయచేసి డాక్టరుకి చూపించుకోండి, రోజంతా నిలబడే పని చేస్తున్నానని చెప్పి చీటీ మీద రాయించుకోండి. ముందు మీ ఆరోగ్యం, ఆ తర్వాత అది సాక్ష్యంగానూ పనికొస్తుంది.

కుర్చీ గురించి. షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళలో కోజికోడ్ ఆడవాళ్లు పోరాడారు. విజి అనే దర్జీ ముందుండి పెన్‌కూట్టు అనే సంఘాన్ని నడిపింది. వాళ్ల పోరాటం బాత్రూమ్ సౌకర్యం కోసమే మొదలైంది. కుర్చీ తర్వాత వచ్చింది. ఆ పోరాటం ఫలితంగా 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని సవరించింది, 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది. మరి మన దగ్గర? ఫ్యాక్టరీలకైతే 1948 చట్టం 44వ సెక్షన్‌లో ఎప్పటి నుంచో ఉండేది. ఇప్పుడు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లో 24వ సెక్షన్ కింద నిలబడి పనిచేయాల్సి వచ్చే కార్మికులందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. ఆ కోడ్ 10 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది, వ్యాపార సంస్థలు కూడా అందులోకి వస్తాయి. మీరు మూడు ఫ్లోర్ల షోరూమ్ అన్నారు కాబట్టి 10 మంది కచ్చితంగా ఉంటారు. రోజంతా కూర్చునే ఉంటామని ఎవరూ అడగడం లేదు. కస్టమర్ లేని ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి, దానికి స్టూల్ ఉండాలి. అంతే.

కోడ్ అన్నాను కాబట్టి ఒక గందరగోళం తీర్చాలి. నాలుగు లేబర్ కోడ్లను కేంద్రం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, వేతన చెల్లింపు చట్టం, ప్రసూతి ప్రయోజన చట్టం లాంటివి వాటిలో కలిసిపోయాయి. "పాత చట్టాలన్నీ పోయాయి, ఇక మాకేం వర్తించవు" అని కొందరు యజమానులు చెప్తున్నారు. అది తప్పు. మీ షాపుల చట్టం రాష్ట్రం చేసిన చట్టం, కోడ్లు దాన్ని రద్దు చేయలేదు. ఫ్యాక్టరీల విషయంలో, కొత్త కోడ్‌లో రోజుకి 8 గంటలని ఉంది, విరామం ఎంతో ప్రభుత్వం నోటిఫికేషన్‌లో చెప్తుందని రాశారు. కోడ్‌కి విరుద్ధం కాని పాత నిబంధనలు, కొత్తవి వచ్చేదాకా నడుస్తాయి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొన్ని తేడాలు చెప్పాలి, అందరికీ ఒకే రూలు కాదు.

ఆఫీసులకూ షాపులకూ తేడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకు, అంటే ఆఫీసుల్లాంటి వాటికి, కొంత సడలింపు ఇచ్చింది. రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చు, కానీ వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. 6 గంటలకు మించి విరామం లేకుండా చేయించకూడదు, విరామం కనీసం అరగంట ఉండాలి. ఇది షాపులకు వర్తించదు. మీ యజమాని ఈ జీవో చూపించి "ఇప్పుడు 10 గంటలు" అంటే నమ్మకండి. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో ఫ్యాక్టరీల పని గంటలను రోజుకి 9 నుంచి 10కి, విరామం లేకుండా పని చేయించే పరిమితిని 5 నుంచి 6 గంటలకు పెంచింది. షాపుల చట్టాన్నీ సవరించింది. అక్కడివాళ్లు ఈ సవరణలు చూసుకుని లెక్క వేసుకోవాలి. నా అభిప్రాయం అడిగితే, రెండు రాష్ట్రాలూ తప్పు దారి పట్టాయి. ఐదో గంటకి ఒంట్లో శక్తి ఎంత మిగులుతుందో మిల్లులో చూసినవాణ్ణి, ఆరో గంట ఎలా ఉంటుందో నాకు తెలుసు.

డ్రైవర్లు, క్లీనర్ల విషయంలో 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో ఉండేదీ 5 గంటల పని దాటకముందే అరగంట విరామమే. బీడీ కార్ఖానాలకు 1966 చట్టంలోనూ అంతే.

18 ఏళ్లు నిండని పిల్లల్ని పెట్టుకుంటే ఇంకా కఠినం: 3 గంటలకు మించి ఆపకుండా పని చేయించకూడదు, తర్వాత గంట విశ్రాంతి ఇవ్వాలి. 14 ఏళ్లలోపు పిల్లల్ని అసలు పెట్టుకోకూడదు. మీ షాపులో పండగ సీజన్‌లో ఇంటర్ పిల్లలు వస్తుంటారని రాశారు కదా, వాళ్లకు ఇది చెప్పండి.

గర్భిణులు, బాలింతల సంగతి చాలామందికి తెలియదు. చంటిబిడ్డ తల్లికి బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఉంది. ఇది మామూలు విరామం కాక అదనం. అలాగే గర్భిణి అడిగితే, ప్రసవానికి ముందు ఆరు వారాలు, వాటికి ముందు నెల రోజులు ఉంటాయి చూడండి, ఆ నెలలో ఎక్కువసేపు నిలబడే పని చేయించకూడదు. "అడిగితే" అన్నది ముఖ్యం. అడిగినట్టు కాగితం ఉండాలి. ఒక చీరల షాపులో ఏడో నెల నిండిన అమ్మాయి నోటితో అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు రాసి, డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ కాగితం కాపీ జతచేసి ఇచ్చాక మర్నాడే బిల్లింగ్ కౌంటర్‌లో కుర్చీ వేశారు.

సెక్యూరిటీ గార్డుల కేసులు కూడా నా దగ్గరికి చాలా వస్తాయి. గేటు దగ్గర ఒక్కడే ఉంటాడు, 12 గంటల డ్యూటీ, అక్కడే తినాలి. తింటున్నప్పుడు కారు హారన్ కొడితే లేవాలి. మీకు పైన చెప్పిన సూత్రమే అతనికీ వర్తిస్తుంది. అతన్ని విడిపించే మనిషి రానంతవరకు అది విరామం కాదు, ఆ సమయానికి కూలి ఇవ్వాల్సిందే. ఒక ఏజెన్సీతో ఈ విషయం మీద మాట్లాడినప్పుడు వాళ్లు మొదట ఒప్పుకోలేదు. గేటు రిజిస్టర్ తెరిచి చూపించాను. "విరామం" అని వాళ్లు రాసిన 1 నుంచి 2 గంటల మధ్య అదే గార్డు చేతిరాతతో 14 బండ్ల నంబర్లు ఉన్నాయి. తర్వాత నెల నుంచి మధ్యాహ్నం ఒక రిలీవర్‌ని పెట్టారు.

ఇక అసలు విషయం, సాక్ష్యం. ఇలాంటి కేసు గెలిచినా ఓడినా టైము రాసిపెట్టుకున్నారా లేదా అన్నదాన్ని బట్టే. షాపు దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. అందులో అందరికీ "విరామం 1–2" అని నింపేసి, నెలాఖరున సంతకాలు పెట్టించుకుంటారు. మీరూ పెట్టే ఉంటారు. భయపడకండి, దాన్నీ ఎదుర్కోవచ్చు. కొన్నేళ్ల కిందట ఒక షాపు మీద ఫిర్యాదు చేస్తే లేబర్ ఆఫీసర్ రిజిస్టర్ తెప్పించారు. నెలంతా ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒక్క కొట్టివేత కూడా లేదు. చూడ్డానికి చక్కగా ఉంది. నేను తేదీలు చూసుకుంటూ వెళ్లి ఒకచోట ఆగాను. వారాంతపు సెలవు రోజు, షాపు మూసి ఉన్న రోజు, 11 మందీ ఒంటిగంట నుంచి రెండింటి దాకా విరామం తీసుకున్నట్టు రాసి ఉంది. ఆ ఒక్క లైనుతో రిజిస్టర్ మొత్తానికీ విలువ పోయింది. ఆఫీసర్‌గారు దాన్ని మూసి పక్కన పెట్టి, అమ్మాయిలు రాసుకున్న నోట్‌బుక్కులు తెరిచారు.

కాబట్టి మీరు ఇవాళ్టి నుంచే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. రోజూ అప్పటికప్పుడు రాయాలి, వారానికోసారి గుర్తు తెచ్చుకుని రాస్తే లాభం లేదు. షాపులోకి ఎప్పుడు వచ్చారు, లంచ్‌కి ఎప్పుడు కూర్చున్నారు, ఎన్నింటికి పిలిచారు, ఎవరు పిలిచారు, ఎన్నింటికి బయటపడ్డారు. ఐదు ముక్కలు చాలు. "చాలా అలసిపోయాను", "అన్యాయం" లాంటివి అందులో రాయొద్దు, టైములే రాయండి. షాపు వాట్సాప్ గ్రూపులో "లంచ్ వాళ్లు వెంటనే ఫ్లోర్ మీదకి రండి" అని మెసేజ్‌లు వస్తుంటే స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపి పెట్టుకోండి. జీతం బ్యాంకులో పడుతుంటే స్టేట్‌మెంట్, పే స్లిప్, ఐడీ కార్డు ఫొటో కూడా. నెల రోజులు ఇలా రాస్తే చాలు.

ఉద్యోగం పోతుందా అన్నారు. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, వేధిస్తారు. కానీ ఊరికే తీసేయలేరు. షాపుల చట్టంలో, ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. తీసేస్తే అప్పీలు చేసుకోవచ్చు. మీకు మూడేళ్లు అయ్యాయి, మీకు ఈ రక్షణ ఉంది. నేను ఓడిపోయిన కేసు ఒకటుంది, అదీ చెప్పాలి. ఒక కుర్రాడు చేరిన ఐదో నెలలోనే లంచ్ టైమ్ గురించి అందరి ముందు మేనేజర్‌తో గొడవపడ్డాడు. చేతిలో ఒక్క కాగితం లేదు, పక్కన ఒక్క మనిషి లేడు. మర్నాడు రావొద్దన్నారు. ఆరు నెలలు నిండలేదు కాబట్టి ఆ రక్షణ అతనికి దొరకలేదు. చేసిన రోజులకు జీతం ఇప్పించడం తప్ప ఏమీ చేయలేకపోయాను. అతను అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయమే.

అందుకే ఒక్కరే వెళ్లకండి. మీ ఫ్లోర్‌లో కనీసం నలుగురైదుగురు కలవండి. మొదట యజమానికే మర్యాదగా ఒక అర్జీ ఇవ్వండి: గంట విరామం, ఆ టైములో పిలవకుండా ఉండటం, ఫ్లోర్‌కి రెండు స్టూళ్లు, బాత్రూమ్ కోత ఆపడం. మొదటి అర్జీలో ఓవర్‌టైమ్ డబ్బుల మాట ఎత్తకండి, ఇది నా అనుభవంతో ఇస్తున్న సలహా. విరామం ఇవ్వడం షాపుకి పెద్ద ఖర్చు కాదు, వంతులు సరిగ్గా వేసుకుంటే సరిపోతుంది, కాబట్టి చాలామంది యజమానులు దానికి ఒప్పుకుంటారు. డబ్బు మాట రాగానే లాయర్ దగ్గరికి పరుగెడతారు. ఓవర్‌టైమ్ మీ హక్కే, దాన్ని వదులుకోమనడం లేదు, దాని టైము దానికి వస్తుంది. నా దగ్గరికి వచ్చిన షాపు కేసుల్లో సగానికి పైగా ఈ అర్జీతోనే తెమిలిపోయాయి. అర్జీ కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

రెండు మూడు వారాలు చూసినా మార్పు లేకపోతే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఫ్యాక్టరీ వాళ్లయితే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వాలి. పేరు బయటపడుతుందని భయంగా ఉంటే ఆ మాట ఫిర్యాదులోనే రాయండి. ఫిర్యాదు ఎవరు ఇచ్చారో ఇన్‌స్పెక్టర్లు యజమానికి చెప్పకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒప్పందంలో ఉంది, మన దేశం 1949లోనే దాన్ని ఆమోదించింది. తనిఖీకి వచ్చేవాళ్లను మధ్యాహ్నం ఒంటిగంటకో, రాత్రి 9 గంటలకో రమ్మని కోరండి. పదకొండు గంటలకి వస్తే వాళ్లకు కనిపించేదేమీ ఉండదు.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 1987 చట్టంలో అలా ఉంది. 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది, ఆధార్ కార్డు, మీ కాగితాలు పట్టుకుని వెళ్తే చాలు.

పండగ సీజన్, పెళ్లిళ్ల సీజన్ గురించి కూడా అడిగారు. రద్దీ రోజుల్లో ఎక్కువ గంటలు పని చేయించుకోవచ్చా అంటే, ఓవర్‌టైమ్ ఇచ్చి, పరిమితికి లోబడి చేయించుకోవచ్చు. కానీ రద్దీ ఉందని విరామం ఎగ్గొట్టడానికి చట్టంలో ఎక్కడా వీలు లేదు. "ఇవాళ ఆదివారం, అడ్జస్ట్ అవ్వండి" అన్నారంటే ఆ రోజు టైములు నోట్‌బుక్‌లో ఇంకా జాగ్రత్తగా రాయండి.

మీ షాపులో మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారో, చేరినప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చారో లేదో, పే స్లిప్‌లో ఆ కోత ఏ పేరుతో ఉందో ఇక్కడే కింద రాయండి. షాపు పేరు మాత్రం రాయొద్దు. అవి చూసి యజమానికి ఇవ్వాల్సిన అర్జీ నమూనా రాసి పెడతాను.